ఊరకుండడమే విశ్వాసమా?

విశ్వాసి మీద నింద పడగానే మన సంఘాల్లో అందరికంటే ముందు అందే సలహా ఒకటుంది. "నువ్వేం మాట్లాడకమ్మా, నీ పక్షాన దేవుడే వాదిస్తాడు" అంటారు. కానుకల డబ్బు తిన్నాడని సంఘ పెద్ద మీద మాట వచ్చినా, పిల్లలకు మతం నూరిపోస్తోందని టీచరమ్మ మీద ఫిర్యాదు వెళ్ళినా, ఫైలు మాయం చేశాడని గుమాస్తాకు మెమో అందినా ఇదే మందు. మూడు రోజుల ఉపవాస ప్రార్థన, ఒక వాగ్దాన వాక్యం, నోటికి తాళం. జవాబు చెప్పుకోవడానికి బయల్దేరినవాడిని అల్పవిశ్వాసిగా చూస్తారు. లాయరు దగ్గరికి వెళ్ళాడని తెలిస్తే ఇక చెప్పనక్కర్లేదు.

ఈ సలహా ఇచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కోపంలో జవాబిచ్చి ఉన్న పరువు కూడా పోగొట్టుకున్నవాళ్ళను, వాట్సాప్ గ్రూపులో మొదలై పోలీస్ స్టేషన్‌లో తేలిన తగవులను, ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కి దిగి చితికిపోయిన కుటుంబాలను చూసినవాళ్ళు. ఆ అనుభవాన్ని నేను కాదనను. కానీ జాగ్రత్త కోసం చెప్పిన మాట ఎప్పుడో సిద్ధాంతమై కూర్చుంది. మౌనమే విశ్వాసానికి గుర్తట, జవాబు చెప్పుకోవడం దేవుని పనిని మన చేతిలోకి లాక్కోవడమట. నా పేచీ ఆ సిద్ధాంతంతోనే. బైబిలు దాన్ని బలపరచదు, సంఘ చరిత్రా బలపరచదు. దానివల్ల నిర్దోషికి ఒరిగేది తక్కువ, దోషికి ఒరిగేది చాలా ఎక్కువ.

ముందు అందరూ ఎత్తిచూపే యేసు మౌనాన్నే తీసుకుందాం. పట్టుబడిన రాత్రి ఆయన్ని మొదట అన్న అనే మాజీ ప్రధాన యాజకుడి దగ్గరికి తీసుకెళ్ళారని యోహాను సువార్త చెబుతుంది. శిష్యుల గురించి, బోధ గురించి ప్రశ్నలు వేశారు. తాను రహస్యంగా ఏమీ చెప్పలేదని, దేవాలయంలోనూ సమాజమందిరాల్లోనూ బాహాటంగానే బోధించానని, విన్నవాళ్ళను పిలిచి అడగమని ఆయన అన్నాడు. పక్కనున్న బంట్రోతు చెంప మీద కొట్టాడు. తాను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేమిటో చూపించమని, ఒప్పే మాట్లాడితే ఎందుకు కొట్టావని ఆయన అక్కడికక్కడే నిలదీశాడు. సాక్షులను పిలవమనడం, ఆధారం చూపమనడం, అక్రమంగా చెయ్యి చేసుకున్నవాడిని ప్రశ్నించడం: మూడూ చేశాడు. అంతకుముందు మాత్రం? దయ్యాల అధిపతి సాయంతో దయ్యాలను వెళ్ళగొడుతున్నాడన్నప్పుడు తర్కంతో తిప్పికొట్టాడు. శిష్యులు విశ్రాంతి దినం మీరారన్నప్పుడు దావీదును ఉదాహరణగా చూపాడు. తనలో పాపముంటే రుజువు చేయమని సవాలు విసిరాడు.

మరి మౌనం ఎక్కడ వహించాడు? తీర్పు ముందే ఖాయం చేసుకుని, దానికి సరిపడే సాక్షుల కోసం వెతుకుతున్న సభ ముందు. ఏదైనా అద్భుతం చేస్తే చూద్దామని సరదాపడిన హేరోదు ముందు. తాను నిర్దోషినని పిలాతుకు అప్పటికే అర్థమయ్యాక, ప్రధాన యాజకుల అరుపుల ముందు. పైగా ఆయన ఆ రాత్రి చావడానికే నిశ్చయించుకుని ఉన్నాడు. ఆ మౌనం లోకరక్షణకు చెందిన సంగతి. గుమాస్తా మెమోకు జవాబివ్వకుండా ఊరుకుంటే ఎవరి పాపాలూ పరిహారం కావు, ఆయన ఇంక్రిమెంటు ఆగిపోతుంది, అంతే.

అవతలి పక్షానికున్న గట్టి ఆధారం పేతురు మొదటి పత్రిక. క్రీస్తు దూషణకు బదులు దూషించలేదని, ఆయన అడుగుజాడల్లో నడవమని అది చెబుతుంది. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయితే అక్కడ పేతురు మాట్లాడుతున్నది యజమానుల చేతిలో దెబ్బలు తినే దాసులతో. ఏ న్యాయస్థానంలోనూ తమ తరఫున నిలబడే హక్కు లేనివాళ్ళతో. ఆయన వద్దన్నది దూషణ. జవాబును వద్దనలేదు. ఒక్క పుట తిప్పితే, అదే పత్రికలో, అడిగిన ప్రతివాడికీ సమాధానం చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండమని, అది మృదువుగా, మంచి మనస్సాక్షితో చెప్పమని రాశాడు. మనవాళ్ళు మొదటి పుట చదివి పుస్తకం మూసేస్తారు.

యోబు సంగతి ఇంకా ఇబ్బందికరం. స్నేహితులు వచ్చి కూర్చుని, ఏదో పాపం చేయకపోతే ఇంత కష్టం రాదని, విధవలను వట్టి చేతులతో పంపేశావని లేనిపోనివి అంటగడితే ఆయన ఊరుకున్నాడా? అధ్యాయాలకు అధ్యాయాలు వాదించాడు. ఒట్టు పెట్టి, తప్పు చేసి ఉంటే శిక్ష పడనీ అని ఒక్కొక్క నిందనూ పేరుపేరునా ఖండించాడు. చివర్లో దేవుడు ఎవరిని మెచ్చుకున్నాడు? తన తరఫున వకాల్తా పుచ్చుకున్న స్నేహితులను మందలించాడు, వాదించిన యోబు మాట్లాడిందే సరైనదన్నాడు. యోసేపును మౌనమునిగా చేసి ప్రసంగిస్తారు గానీ, చెరసాలలో పానదాయకుడితో తాను ఏ నేరమూ చేయలేదని, ఫరోతో తన సంగతి చెప్పి బయటికి తీయించమని నోరు తెరిచి అడిగింది ఆ యోసేపే. ఎస్తేరు గ్రంథం ముచ్చట మరీ విచిత్రం. "నీ శత్రువుకు హామాను ఉరికొయ్యే గతి" అని వాగ్దానాలు పంచేవాళ్ళు, ఆ ఉరికొయ్య దాకా కథ ఎలా వెళ్ళిందో చెప్పరు. ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే నువ్వూ మిగలవని మొర్దెకై ఎస్తేరును హెచ్చరించాడు. ఎస్తేరు ప్రాణం అరచేతిలో పెట్టుకుని రాజు దగ్గరికి వెళ్ళింది, నేరస్థుడు ఎదురుగా ఉండగానే పేరు పెట్టి చెప్పింది. మన బైబిళ్ళలో ఉన్న ఎస్తేరు గ్రంథమంతా వెతికినా దేవుని పేరు కనబడదు. ఉన్నదల్లా మనుషులు మాట్లాడటమే.

ఇక పౌలు. ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి చెరలో వేశారు. మర్నాడు పొద్దున్నే న్యాయాధిపతులు గుట్టుగా వదిలేస్తామంటే, రోమా పౌరులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టి రహస్యంగా పంపేస్తారా, వాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి అన్నాడు. వాళ్ళు వచ్చి బతిమాలుకున్నారు. యెరూషలేములో కొరడా ఎత్తేలోపు పౌరసత్వం సంగతి ఎత్తాడు. కైసరయలో ఫేస్తు ముందు, తనమీద మోపినవాటిలో ఒక్కటీ రుజువు చేయలేరని చెప్పి, కైసరుకే అప్పీలు చేసుకున్నాడు. "అన్యుల కోర్టుకు వెళ్ళకూడదు" అని కొరింథు పత్రికను ఉదహరించేవాళ్ళకు ఈ అప్పీలు కనబడదు. కొరింథులో ఆయన తప్పుపట్టింది సహోదరుల మధ్య సొమ్ము తగాదాలను. అక్కడైనా ఆయన నోళ్ళు మూసుకోమనలేదు. మీలో తగవు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడూ లేడా అని అడిగాడు. అంటే సంఘం లోపలే విచారణ జరగాలన్నాడు.

పౌలు విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది కోర్టు కాదు, డబ్బు సంచి. యూదయ విశ్వాసుల కోసం మాసిదోనియ, అకయ సంఘాల్లో చందా పోగు చేస్తున్నప్పుడు తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న మరో సహోదరుడిని వెంట పంపాడు. ఎందుకో కూడా దాచలేదు: ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ మమ్మల్ని తప్పుపట్టే సందు ఉండకూడదని, దేవుని ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా సవ్యంగా ఉండాలని. ఈ రెండో మాటను మన ప్రసంగాలు మింగేస్తాయి. "దేవుడికి తెలుసు, చాలు" అని పౌలు అనుకోలేదు. దేవుడికి తెలిసింది మనుషులకూ తెలిసేలా ఏర్పాటు చేశాడు, అదీ నింద రాకముందే.

ఈ పాఠాన్ని తెలుగు నేల మీద ఒకాయన అక్షరాలా పాటించాడు. 1876 నుంచి 1878 దాకా సాగిన కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. పనికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం కావాలని వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారన్న నింద వస్తుందని ఆయనకు తెలుసు. "అన్నం కోసం కిరస్తానం" అన్న మాట అప్పటికే ఊళ్ళలో ఉంది. కరువు సాయం చేతిలో ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం అయిపోయాక, ఇక మా దగ్గర ఇచ్చేదేమీ లేదని చెప్పాకే తలుపు తెరిచాడు. జనం అయినా వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ రేవులో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ నింద నేటికీ ఎక్కడో ఒకచోట వినబడుతూనే ఉంది. వినబడినప్పుడల్లా చూపించడానికి మాత్రం ఆయన వదిలివెళ్ళిన ఈ వరుస ఉంది: ముందు కూలి, తర్వాత సాయం ఆగిపోవడం, ఆ తర్వాతే బాప్తిస్మం. ఆయన మౌనంగా ప్రార్థన మాత్రమే చేసి ఉంటే ఈ వరుస ఎక్కడిది?

నిందకు జవాబు చెప్పడాన్ని మొదటి శతాబ్దాల సంఘం కూడా ఒంటబట్టించుకుంది. క్రైస్తవులు పసిపిల్లల్ని తింటారని, చీకట్లో వావివరసలు తప్పుతారని, దేవుళ్ళే లేరంటారని రోమా వీధుల్లో ప్రచారం. రెండో శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే క్రైస్తవుడు చక్రవర్తి ఆంటోనినస్ పయస్‌కే రాతపూర్వకంగా జవాబిచ్చాడు: ఆరోపణల్ని విచారించండి, రుజువైతే శిక్షించండి, కాకపోతే పేరును బట్టి మాత్రం దండించకండి అని. తర్వాత ఆయన తల పోయింది, రాసిన జవాబు మిగిలింది. అంతకు ముందే బిథునియ గవర్నరు ప్లినీ పట్టుబడిన క్రైస్తవులను ప్రశ్నించి, దాసీలైన ఇద్దరు పరిచారికలను చిత్రహింస పెట్టించి కూడా, వాళ్ళు కలిసి తినేది మామూలు నిరపాయమైన ఆహారమేనని చక్రవర్తి ట్రాజన్‌కు రాశాడు. నిందను కొట్టేసే ఆ సాక్ష్యం శత్రువు కాగితాల్లో భద్రంగా ఉండటానికి కారణం, అడిగినప్పుడు వాళ్ళు నోరు విప్పడమే.

మూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిగెన్ ముందు సరిగ్గా మన ప్రశ్నే నిలిచింది. సెల్సస్ అనే తత్వవేత్త క్రైస్తవుల మీద రాసిన పుస్తకానికి జవాబు రాయమని మిత్రుడు ఆంబ్రోస్ కోరాడు. అబద్ధ సాక్షుల ముందు యేసు మౌనంగా ఉన్నాడు కదా, ఆయన జీవితమే జవాబు కదా అని ఓరిగెన్ తన ముందుమాటలో సందేహించాడు. సందేహించి ఏం చేశాడు? ఎనిమిది సంపుటాల జవాబు రాశాడు. విశ్వాసంలో బలహీనంగా ఉన్నవాళ్ళు ఆ నిందలు విని తడబడతారేమోనని రాశాడు. తన పరువు కోసం కాదు.

మౌన సిద్ధాంతాన్ని నేను గట్టిగా వ్యతిరేకించడానికి అసలు కారణం మరొకటి. నిజంగా తప్పు చేసినవాడికి అది దొరికే అత్యంత సుఖమైన ఆశ్రయం. నిర్దోషీ మాట్లాడడు, దోషీ మాట్లాడడు. ఇద్దరి మొహాల మీదా ఒకటే ప్రశాంతత, ఇద్దరి నోటా ఒకటే వాక్యం. ఇక చూసేవాడు తేల్చుకునేదెట్లా? మేలైన సేవకుడి మీద పడ్డ అబద్ధపు నింద, కానుకల పెట్టెను ఇంటికి మోసుకుపోయినవాడి మీద వచ్చిన నిజమైన ఫిర్యాదు, రెండూ "సాతాను దాడి" అయిపోతాయి. కొండమీది ప్రసంగంలో ధన్యత ఎవరికి చెప్పారో జ్ఞాపకం చేసుకోవాలి: అబద్ధంగా నిందపడ్డవారికి. అబద్ధమో కాదో ఎవరో ఒకరు తేల్చాలి కదా. తేల్చకుండా ధన్యత పంచేస్తే, చెప్పుకోలేక చెప్పుకున్న అమ్మాయి అపవాది అవుతుంది, ఆమెను వేధించినవాడు హతసాక్షి అవుతాడు.

"అభిషిక్తుని ముట్టకూడదు" అనే మాట ఇక్కడ కంచెలా నిలుస్తుంది. ఆ మాటను పాటించినవాడు దావీదు. సౌలును చంపలేదు, నిజమే. ఏన్గెదీ గుహలోంచి బయటికొచ్చి, కోసిన వస్త్రపు చెంగు పైకెత్తి చూపించి, నీమీద నేను ద్రోహం తలపెట్టలేదు, ఇదిగో సాక్ష్యం అని అందరూ వినేలా అరిచిందీ ఆయనే. ఇక అభిషేకించే సమూయేలు సంగతి చూడండి. ముసలితనంలో జనం ముందు నిలబడి, ఎవరి ఎద్దును తీసుకున్నాను, ఎవరి గాడిదను తీసుకున్నాను, ఎవరి దగ్గర లంచం పట్టాను, చెప్పండి, తిరిగిచ్చేస్తాను అన్నాడు. ఎవరూ అడక్కముందే లెక్క అప్పజెప్పిన ప్రవక్త ఆయన. ఏ సంఘంలోనైనా సంవత్సరాంతంలో కానుకల లెక్క చదవమని అడిగినవాడిని తిరుగుబాటుదారుడంటున్నారంటే, అక్కడ సమూయేలును ప్రసంగించే అర్హత పోయినట్టే.

జవాబు చెప్పడమంటే ఎదుటివాడి మీద పడటం కాదని చూపిన మనిషి ఒకరున్నారు. 1993 నవంబరులో షికాగో కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్ మీద, ఏళ్ళ క్రితం తనను లైంగికంగా దుర్వినియోగం చేశాడని ఒక వ్యక్తి దావా వేశాడు. కార్డినల్ మఠంలోకి వెళ్ళి తలుపేసుకోలేదు. పత్రికల ముందుకొచ్చి, ఎంత ఇబ్బందికరమైన ప్రశ్న అడిగినా జవాబిచ్చి, అది నిజం కాదన్నారు. గురువుల మీద వచ్చే ఇలాంటి ఫిర్యాదుల కోసం తానే అంతకుముందు ఏర్పాటు చేయించిన విచారణ మండలికి తన కేసు కూడా వెళ్ళాలన్నారు. ఫిర్యాదుచేసిన వ్యక్తిని తిట్టలేదు, అతని గతాన్ని తవ్వలేదు. 1994 ఫిబ్రవరిలో అతను, తన జ్ఞాపకాల మీద తనకే నమ్మకం లేదంటూ, దావా ఉపసంహరించుకున్నాడు. ఆ ఏడాది చివర్లో బెర్నార్డిన్ ఫిలడెల్ఫియా వెళ్ళి, అప్పటికే ఎయిడ్స్‌తో క్షీణిస్తున్న అతన్ని కలిసి, క్షమించి, అతని కోసం పూజ జరిపారు. మన పెద్దలు ఈ కథ చెబితే చివరి క్షమాపణ ఘట్టమొక్కటే చెబుతారు. విచారణకు తలవంచిన మొదటి ఘట్టం లేకపోతే ఆ క్షమాపణకు విలువ ఎక్కడిది?

విచారణంటే ఏమిటో తెలుసుకోవాలంటే కతోలిక బైబిల్లోని సూసన్న కథ చాలు. ఇద్దరు పెద్దమనుషులు ఆమెపై వ్యభిచార నింద మోపారు. ఊరు నమ్మేసింది. ఆమె గొంతెత్తి తాను నిర్దోషినని మొరపెట్టుకుంది. ఆ మొర వినే దానియేలు కదిలాడు. ఇద్దర్నీ విడదీసి, ఏ చెట్టు కింద చూశావని ఒక్కొక్కడినీ వేరుగా అడిగాడు. ఇద్దరూ రెండు చెట్లు చెప్పారు. 2018 అక్టోబరు 31న పాకిస్తాన్ సుప్రీంకోర్టు, దైవదూషణ కేసులో మరణశిక్ష పడి ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన కూలి మహిళ ఆసియా బీబీని నిర్దోషిగా తేల్చినప్పుడు కూడా సాక్షుల మాటల్లోని పొంతనలేమినే ప్రధానంగా ఎత్తిచూపింది. ఆమె తరఫు న్యాయవాది ముస్లిం, తీర్పిచ్చిన ముగ్గురు న్యాయమూర్తులూ ముస్లింలే. "నీ పక్షాన దేవుడే వాదిస్తాడు" అనేవాళ్ళు, దేవుడు అందుకు ఎవరి నోరు వాడుకుంటాడో ముందే నిర్ణయించేయడం మానుకోవాలి.

ఇక్కడో ఆక్షేపణ వస్తుంది: జవాబు చెప్పినంత మాత్రాన గెలుస్తామా? గెలవం, చాలాసార్లు. అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ ఆర్సేనియస్ అనేవాణ్ణి చంపి, అతని చెయ్యి నరికి మంత్రతంత్రాలకు వాడాడని శత్రువులు ఆరోపించారు. 335లో తూరు సభలో అథనేసియస్ ఆ ఆర్సేనియస్‌నే ముసుగుతో తీసుకొచ్చి, ముందు ఒక చెయ్యి, తర్వాత రెండోది చూపించి, మూడో చెయ్యి ఎక్కడ నరికానో చెప్పమన్నాడని సంఘ చరిత్రకారులు రాశారు. అంత స్పష్టంగా తేలాక కూడా ఆయన్ని పదవి నుంచి తీసేశారు, మరో కొత్త ఆరోపణ మీద చక్రవర్తి ట్రియర్‌కు వెళ్ళగొట్టాడు. మన కాలంలో జార్ఖండ్ ఆదివాసుల మధ్య పనిచేసిన జెస్యూట్ గురువు స్టాన్ స్వామి, భీమా కోరెగావ్ కేసులో 2020 అక్టోబరులో అరెస్టు కాకముందే, తన కంప్యూటర్లో దొరికాయంటున్నవి తనవి కావని, ఎవరో అందులో పెట్టారని వీడియోలో చెప్పాడు. బెయిలు రాలేదు. పార్కిన్సన్స్‌తో చేతులు వణికే మనిషి తాగడానికి సిప్పర్ కోసం కోర్టును అడుక్కోవలసి వచ్చింది. విచారణ మొదలు కాకుండానే 2021 జూలై 5న, 84 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. "దేవుడు నీ నిర్దోషిత్వాన్ని సూర్యుడిలా వెలిగిస్తాడు" అని గడువు తేదీతో సహా వాగ్దానాలు ఇచ్చేవాళ్ళ దగ్గర ఈ మరణానికి జవాబు లేదు.

గెలవకపోయినా ఎందుకు మాట్లాడాలంటే, అబద్ధ సాక్ష్యం నిందపడ్డవాడి సొంత వ్యవహారం మాత్రమే కాదు గనక. విన్న ప్రతివాడూ మోసపోతాడు. తన భర్త మీద పడ్డ మాట నిజమో కాదో తెలియక రేషను షాపు దగ్గర తల దించుకునే భార్య మోసపోతుంది. రేపు అదే అబద్ధం ఇంకొకరి మీద వాడటం సులువవుతుంది. నిజం వాళ్ళకు చెల్లించాల్సిన బాకీ. దాన్ని ఎగ్గొట్టి వినయమని పేరు పెట్టుకోకూడదు.

ఆ బాకీలో సంఘ పెద్దల వాటా ఎక్కువ. నాబోతు కథలో యెజెబెలు ఒక్కతే కాదు దోషి. నాబోతు మీద అబద్ధ సాక్షులను నిలబెట్టమని ఆమె రాసిన ఉత్తరం అందుకున్న యెజ్రెయేలు పెద్దలందరికీ నాబోతు తమ ఊరివాడే, తమకు తెలిసినవాడే. ఒక్కడూ అడ్డు పడలేదు, ఒక్క ప్రశ్న వేయలేదు. ఏలీయా వచ్చి నిజం చెప్పేసరికి నాబోతు రాళ్ళ కింద ఉన్నాడు. నిందపడ్డవాడి ఇంటికి ప్రార్థన చేయడానికి వెళ్ళే పెద్దలు వెళ్ళనీ, మంచిదే. బైబిలుతో పాటు ఒక నోటుపుస్తకం, కలం కూడా తీసుకెళ్ళాలి. ఏ రోజు ఏం జరిగింది, ఎవరు చూశారు, డబ్బు ఏ ఖాతాలో ఉంది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు అని అడిగి రాసుకోవాలి. ఫిర్యాదు చేసినవాళ్ళ ఇంటికీ అదే పుస్తకంతో వెళ్ళాలి. అక్కడ స్త్రీ ఉంటే, వెళ్ళేవాళ్ళలో స్త్రీలు ఉండాలి. తేలింది ఆదివారం ఆరాధన తర్వాత, తప్పు ఎవరిదైతే వాళ్ళ పేరుతో, సంఘమంతా వినేలా చదవాలి.